పన్నెండు లోపల

పన్నెండు లోపల పాప ఉచ్చ పోస్తే సరి, లేకపోతే బండి పిలిపిస్తాం, రక్తం కడిగే మిషనున్న ఆసుపత్రికి పంపించేస్తాం అని చెప్పి డాక్టరమ్మ పక్క మంచానికి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళింది కానీ ఆ మాట వెళ్ళలేదు, ఫరీన్ మంచం కాళ్ళ దగ్గరే నిలబడి ఉంది. జమ్రూద్ గోడ గడియారం వంక చూసింది. పదకొండూ రెండు. ఇంకా యాభై ఎనిమిది నిమిషాలు. మంచం కింద తెల్లటి పాత్ర, దాని పక్కన గీతలున్న కొలత జాడీ, రెండూ రాత్రి కడిగిపెట్టినవి కడిగిపెట్టినట్టే పొడిగా ఉన్నాయి. నిన్న సాయంత్రం నాలుగింటికి పోసిందే ఆఖరు, అదీ టీ గ్లాసు అడుగున మిగిలేంత, డికాక్షన్ రంగులో. ఆరేళ్ళ పిల్ల, ఆటలో పడితే గోడ పక్కన రెండు నిమిషాలకోసారి కూర్చునే పిల్ల, పొద్దు పొడిచి ఇంత ఎక్కినా ఒక్క చుక్క లేదు. పైన ఇనుప కమ్మీకి తలకిందులుగా సీసా, అందులో లేత తేనె రంగు మందు, చుక్క తర్వాత చుక్క. ఆల్బుమిన్ అంట. మనుషుల రక్తంలోంచే తీస్తారంట. ఎవరో ఏ ఊళ్ళోనో చెయ్యి చాపి ఇచ్చిన రక్తంలోని సారం ఈ హిందూపురం ఆసుపత్రికి వచ్చి, ఈ పిల్ల చేతి నరం వెతుక్కుని లోపలికి పోతోంది. ఆ మనిషి ఎవరో, తన బలం పెనుకొండ పరుపుల అంగడివాళ్ళ పిల్ల ఒంట్లో పారుతోందని కలలోనైనా అనుకుని ఉండడు. చల్లగా ఉండనీ, వాడి పిల్లలు చల్లగా ఉండనీ. పదకొండూ ఐదు.

ఫరీన్ మొహం గుమ్మడిపండులా ఉంది, కళ్ళు ఆ ఉబ్బులో రెండు గీతలు, పొట్ట మీద చర్మం బిగిసి మెరుస్తోంది, వేలు పెట్టి నొక్కితే కాలి మీద గుంట పడి అలాగే ఉండిపోతుంది. ఒంటినిండా నీళ్ళు. నీళ్ళు ఇన్ని ఉంటే బయటికి ఎందుకు రావు అని నిన్న అడిగింది జమ్రూద్, సిగ్గు విడిచి అడిగింది. దానికి డాక్టరమ్మ ఏదో చెప్పింది కానీ తలకెక్కలేదు, తర్వాత వసుంధర సిస్టరు వచ్చి మంచం పట్టె మీద ఒక చెయ్యి ఆనించి చెప్పింది. "మా పరిగి చెరువు ఉండాది కదమ్మా, దానికి కట్ట తెగింది అనుకో. నీళ్ళన్నీ యాడికి పోతాయి? చేలల్లోకి. చూసేవాళ్ళకి ఎటు చూసినా నీళ్ళే. చెరువులో మాత్రం బురద. తూముకి నీళ్ళు అందాల కదా, అందకపోతే తూము ఏం చేస్తాది పాపం? కిడ్నీ తూము లాంటిది. నీ పాపకి ఒంట్లో నీళ్ళుండాయి, రక్తంలో లేవు." అంతే, ఒక్కసారికి అర్థమయిపోయింది. చదువుకున్న మాట చెప్పడం వేరు, వినేవాళ్ళ కడుపులోకి దిగేటట్టు చెప్పడం వేరు. అర్థమవుతూనే ఇంకోటి కూడా అర్థమయింది, ఆ కట్టకు గడ్డపారతో ఇంకో గండి కొట్టింది తనే అని.

రెండేళ్ళ కిందట మొదటిసారి ఉబ్బినప్పుడు ధర్మవరంలో పుట్టింట్లో ఉంది. వాకిట్లో నాయన రంగులో ముంచిన పట్టునూలు దండేల మీద ఆరేస్తుంటే, ఎరుపు నీళ్ళు కారి కాలవలో కలుస్తుంటే, ఫరీన్ ఆ దండేల కింద దూరి దూరి ఆడుకునేది. వీధిలోవాళ్ళు చూసి, అమ్మమ్మ చేతి ముద్ద బాగా ఒంటబట్టింది, పిల్ల ఒళ్ళు చేసింది అన్నారు. జమ్రూద్ మురిసిపోయింది. బుగ్గలు పట్టి ముద్దు పెట్టుకుంది, ఫోనులో ఫోటో తీసి మసూద్‌కు పంపింది, చూడు నీ కూతురు పూరీలా పొంగింది అని. మూడో రోజు పొద్దున కళ్ళు తెరుచుకోలేదు. నాయన ఒక్కడే నూలు వదిలేసి వచ్చి, పిల్ల బుగ్గ మీద వేలు పెట్టి చూసి, ఇది కండ కాదు, నీరు అన్నాడు. అద్దకం చేసీ చేసీ ఆయన వేళ్ళకు నీళ్ళ సంగతి తెలుసు. వెంటనే బయల్దేరండి అన్నాడు. అప్పుడు తెలిసింది జబ్బు పేరు, నెఫ్రోటిక్ సిండ్రోమ్, నోరు తిరగడానికి వారం పట్టింది. కిడ్నీలో వడపోత గుడ్డకు కళ్ళు పెద్దవయిపోతాయంట, ఒంట్లోని సారమంతా మూత్రంలో పోతుందంట, మాత్రలు వేస్తే తగ్గుతుందంట, మళ్ళీ మళ్ళీ వస్తుందంట, పెద్దయ్యేకొద్దీ చాలామందికి పోతుందంట. ఆ చివరి మాట పట్టుకునే రెండేళ్ళు బతికింది.

ఇంట్లో చూసుకోవడం నేర్పించారు. పొద్దున లేవగానే పిల్ల మూత్రం గాజు గొట్టంలో పట్టి, పైభాగం మాత్రం మంట మీద కాచాలి. తేటగా ఉంటే బాగున్నట్టు. మబ్బు కమ్మితే కాస్త పోతున్నట్టు. పాలు విరిగినట్టు తెల్లటి గడ్డలు కడితే సారమంతా పోతున్నట్టు. ఆ గొట్టం చేతిలోకి తీసుకున్న మొదటి రోజు జమ్రూద్‌కు ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది, ధర్మవరం బడిలో సైన్సు టీచరు గొట్టం మూతి ఎదుటి మనిషి వైపు పెట్టొద్దని అరిచేది. ఆ ఏడే అమ్మకు పచ్చకామెర్లు వచ్చి మంచం పడితే నూలు కండెలు చుట్టడానికి ఇంట్లో ఉండిపోయింది, పది రోజులు అనుకుంది, అంతే, మళ్ళీ బడి గడప తొక్కలేదు. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళకు పెనుకొండలో వంటింటి పొయ్యి మీద మళ్ళీ గొట్టం. అత్త చూసి నెత్తి కొట్టుకుంది. "ఉచ్చ కాచే కోడలు ఈ పెనుకొండ మొత్తానికీ నా కొంపలోనే ఉండాది. నా చాయ్ గిన్నె పక్కన పెట్టొద్దమ్మే, పుణ్యముంటాది" అంది. అని, ఆ సాయంత్రమే బజారుకు పోయి చిన్న స్పిరిట్ దీపం కొనుక్కొచ్చి, పెరట్లో బట్టలుతికే రాయి పక్కన గాలి తగలకుండా మూడు ఇటుకలు పేర్చి ఇచ్చింది. తిట్టిన నోరు తిట్టిందే, పేర్చిన చేతులు పేర్చినవే. అప్పటినుంచి రోజూ నోటు పుస్తకంలో తారీకు, ఫలితం, మాత్రలు. రెండేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. హిందూపురం వచ్చినప్పుడల్లా డాక్టరమ్మ ఆ పుస్తకం తిరగేసి పక్కవాళ్ళకు చూపిస్తే జమ్రూద్ కొంగు సర్దుకునేది. పదకొండూ పద్నాలుగు. సీసాలో మందు సగానికి దిగింది.

ఈ వారమే షహీన్ పెళ్ళి. ఆడబిడ్డ పెళ్ళి, ఇంటినిండా జనం, పెద్ద కోడలు తను. మంగళవారం గొట్టంలో మబ్బు, బుధవారం గడ్డలు, పుస్తకంలో మూడు ప్లస్ గుర్తులు. గురువారం పెళ్ళి. పెళ్ళి కాగానే పోదాంలే హిందూపురం, ఒక్కరోజే కదా. పైగా పెళ్ళి బిర్యానీ తిని పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. ఒకపక్క ఉబ్బు, ఒకపక్క విరేచనాలు. పోయినసారి ఉబ్బినప్పుడు ఇచ్చిన, ఉచ్చ పోయించే నీళ్ళ మాత్రలు నాలుగు డబ్బాలో మిగిలి ఉన్నాయి. అప్పుడు వాటితో రెండు రోజుల్లో ఉబ్బు దిగిపోయింది, తన కళ్ళతో చూసింది. మేం చెప్తేనే వెయ్యాల అని డాక్టరమ్మ అన్నది నిజమే, గుర్తు లేక కాదు. వేసింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నీళ్ళు తాగితే ఇంకా ఉబ్బుతుందని నీళ్ళూ తగ్గించింది. అమ్మా గుక్కెడు, అంటే వద్దు తల్లీ, రేపు. అమ్మా పెదాలు తడుపుకుంటా, అంటే వద్దమ్మా, నా బంగారూ. శుక్రవారం మధ్యాహ్నం చుట్టాలకు అన్నాలు వడ్డించి వచ్చి చూస్తే ఫరీన్ నీళ్ళ కుండను రెండు చేతులతో కావిలించుకుని, చల్లగా ఉండాదని దానికి బుగ్గ ఆనించి కూర్చుని ఉంది. తాగలేదు. మూత తియ్యలేదు. అమ్మ వద్దంది కాబట్టి తియ్యలేదు. యా అల్లా, ఆ పిల్ల అంత మాట వినే పిల్ల కాకపోయినా బాగుండేది. కాస్త దొంగబుద్ధి ఉన్నా బాగుండేది. ఆరేళ్ళకు అంత ఓర్పు ఎవరిచ్చారు, నాకు లేదే, మసూద్‌కు లేదే, కోపమొస్తే దూది బస్తా తన్నేవాడు వాడు. ఇన్ని సూదులకు ఈ రెండేళ్ళలో ఒక్కసారి చెయ్యి వెనక్కి తీసుకోలేదు ఇది, పళ్ళు కరుచుకుని, అయిపోయిందా సిస్టరూ అని అడుగుతుందంతే.

"ఏమే పాపా, అన్నం తిన్యావా?" పక్క మంచం దగ్గరి ముసలామె. లక్ష్మీదేవమ్మ, మనవరాలికి నిమ్ము పట్టి తెచ్చింది, గొర్రెలు కాచుకునే ఊరి మనిషి. తిన్నానవ్వా అని అబద్ధం చెప్పింది జమ్రూద్. "తిన్నదాని మొహం అట్లుండదు. నేను చూస్తాండా, నువ్వు ఆ గడియారాన్ని మింగేటట్టుండావు. గొర్రె ఈనేటప్పుడు మనం ఎదురుగా కూర్చుని చూస్తే అది ఈనదు, తెలుసునా? మనం అట్ల పక్కకి తిరగల్ల." నవ్వొచ్చింది. ఇంత భయంలో కూడా నవ్వెలా వస్తుందో, ఒళ్ళు ఎవరి మాటా వినదు. జమ్రూద్ నిజంగానే మొహం కిటికీ వైపు తిప్పుకుంది, తిప్పుకుని అద్దంలో గడియారం చూసింది. పదకొండూ ఇరవై మూడు, తిరగబడి కనిపిస్తోంది.

నిన్న మధ్యాహ్నం ఈ వార్డులోకి వచ్చినప్పుడు అందరూ పిల్ల మొహమే చూశారు. వసుంధర సిస్టరు ఒక్కతే వచ్చీ రాగానే దుప్పటి ఎత్తి పాదం పట్టుకుంది. యాభై దాటిన మనిషి, లావుపాటి కళ్ళద్దాలు, చీర కుచ్చిళ్ళు ఎప్పుడూ కాస్త ఎత్తి దోపుకుని ఉంటుంది. పాదం పట్టుకుని అలాగే కాసేపు ఉంది, పాలు గోరువెచ్చగా ఉన్నాయా అని చూసినట్టు. బొటనవేలి గోరు నొక్కి వదిలి, దానికి మళ్ళీ ఎరుపు వచ్చేదాకా పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టింది. పాదం మంచులా ఉందని సిస్టరు చెప్పింది, ఇంట్లో ఏం మందు ఇచ్చినారు అని డాక్టరమ్మ అడిగితే జమ్రూద్ నోట్లోంచి మాట దానంతట అదే జారింది, ఏమీ ఇవ్వలేదు మేడమ్. పక్కన అత్త, వెనక మసూద్, ఎదురుగా తెల్లకోటు. పుస్తకంలో ఒక్కరోజు తప్పు రాయని మనిషి నోటితో అబద్ధం చెప్పేసింది. మళ్ళీ ఉబ్బు దించే సూదే రాయబోతున్నారు, ఆ నీళ్ళ మాత్రకు అన్నలాంటి సూది. వసుంధర సిస్టరు మాత్రం సంచిలోంచి తొంగిచూస్తున్న నోటు పుస్తకం తీసి పేజీలు తిప్పింది. ఏం అక్షరాలమ్మా ముత్యాల్లాగా, నాకు కూడా ఇంత వరసగా రాదు అంది. తిప్పుతూ తిప్పుతూ ఆఖరి పేజీ దగ్గర ఆగింది. అక్కడ గురువారం, శుక్రవారం, నీళ్ళ మాత్ర పొద్దున 1, సాయంత్రం 1. చెయ్యి అలవాటుగా నిజమే రాసింది. సిస్టరు తలెత్తలేదు. పుస్తకం మూసేసి, "అమ్మా, పాపకి మెత్తటి గుడ్డలు కావాల, కింద అంగట్లో తెస్తారా" అని అత్తనూ, చీటీ ఇచ్చి మసూద్‌నూ పంపించింది. వాళ్ళు మెట్లు దిగిన చప్పుడు విన్నాక అప్పుడు చూసింది జమ్రూద్ కళ్ళలోకి. "నేను చెప్పేదా, నువ్వు చెప్తావా? నువ్వు చెప్తే మేలు. మళ్ళీ ఇంకోసారి చెప్పేదానికి ధైర్యం వస్తాది."

పది అడుగులు. డాక్టరమ్మ బల్ల దాకా పది అడుగులే, నడిచింది. చెప్పింది. మాత్ర సంగతి, విరేచనాల సంగతి, నీళ్ళు ఇవ్వని సంగతి, కుండ సంగతి తప్ప అన్నీ. డాక్టరమ్మ తిట్టలేదు, రాస్తున్న కాగితం అడ్డంగా కొట్టేసి ఇంకో కాగితం తీసుకుంది, ఇది నువ్వు చెప్పకపోయుంటే నేను తప్పు దారిలో పోయేదాన్ని అంది, అంతే. ఆ మాటకు వచ్చిన ఏడుపు బాత్రూం గోడ పట్టుకుని ఏడ్చింది జమ్రూద్. పుస్తకంలో చూసినదాన్ని సిస్టరు అందరి ముందూ చదివేసి ఉంటే? అత్త నోటికి పదేళ్ళ మేత అయ్యేది. తప్పు చేసిన మనిషిని నిలబెట్టి కడిగేసేవాళ్ళు ఎంతమందో, తప్పును మాత్రం బయటికి లాగి మనిషిని కాపాడేవాళ్ళు ఎక్కడుంటారు? పరిగి నుంచి రోజూ బస్సులో వస్తుందంట ఆమె. ఈరోజు పొద్దున వచ్చీ రాగానే చేతిసంచి కూడా దించకుండా ఫరీన్ పాదం పట్టుకుని చూసి, "నిన్నటికంటే వెచ్చగుండాది, చూడు నువ్వూ" అని జమ్రూద్ చెయ్యి తీసి ఆ పాదం మీద పెట్టింది. వెచ్చగానే ఉన్నట్టుంది. లేక తన చెయ్యే చల్లబడిందో. పొటాషియం ఇంకా హద్దులోనే ఉందని, ఉచ్చకు గొట్టం వేస్తే చీము పట్టే పిల్లలు కాబట్టి ఆగుదామని, రక్తంలో నీళ్ళు నిండితే తూము దానంతట అదే పారుతుందని డాక్టరమ్మా సిస్టరూ మాట్లాడుకున్నారు. క్రియాటినిన్ రెండు పాయింట్ ఎనిమిది. ఆరేళ్ళ పిల్లకు అది ఎక్కువ. ఎంత ఎక్కువో అడగలేదు. అడిగితే చెప్తారని భయం.

పదకొండూ ముప్పై ఏడు. పారుతుందా? పిల్ల పిడికిలంత ఉంటాయంట అవి, వీపు వైపు రెండు, ఎవరూ చూడని చోట, ఎవరూ మెచ్చుకోని పని. కంటికి కాటుక పెడతాం, చేతికి గాజులు వేస్తాం, కాళ్ళకు పట్టీలు. వాటికి ఏం పెట్టాం? పుట్టిన క్షణం నుంచి నిద్ర లేకుండా వడపోస్తూనే ఉన్నాయి, అలిగి కూర్చుంటే తప్ప గుర్తు రాలేదు. దాహంతో పడిపోయారమ్మా మీరు, నా వల్లే. లేవండి. మసూద్ కింద బండ్ల దగ్గర డ్రైవరుతో మాట్లాడుతున్నాడు, ఎందుకైనా మంచిదని. డ్రైవరు అనంతపురం పెద్దాసుపత్రికి ఎంతసేపని చెప్తాడో, పెనుకొండ మీదుగానే పోవాలి, మన ఇంటి దారి పక్కనుంచే, కొండ కనిపిస్తుంది, ఫరీన్ లేచి అది మన కొండే కదా అంటే ఏం చెప్పాలి? రక్తం కడిగే మిషను చూసినవాళ్ళున్నారు వీధిలో, మెడలో గొట్టం వేస్తారంట, ఇంత సన్న మెడలో ఎక్కడ వేస్తారు. జమ్రూద్ వంగి బిడ్డ నడుం కింద చెయ్యి పెట్టింది, ఒక పక్కకే పడుకుంటే వీపు ఒరుసుకుపోతుందని తిప్పడానికి.

వెచ్చగా ఉంది. ముందు మందు కారిందనుకుంది, గొట్టం ఊడిందేమో అని చేతి కట్టు చూసింది, కట్టు బాగానే ఉంది, చుక్క పడుతూనే ఉంది. మళ్ళీ చెయ్యి పెట్టింది. తడి. పరుచుకుంటోంది, గౌను దాటి, కింద మడిచి వేసిన దుప్పటి దాటి. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన. ఈ లోకంలో ఏ అత్తరు అమ్మేవాడి దగ్గరా లేని వాసన. అల్లా, అల్లా, అల్లా. అంతలోనే గుర్తొచ్చింది. పాత్ర పెట్టలేదు. జాడీలో పట్టలేదు. ఎంత పోసిందని అడిగితే ఏం చూపించాలి? కొలత లేకపోతే లెక్కలోకి రాదు, లెక్కలోకి రాకపోతే పన్నెండుకి బండి. గడియారం చూస్తూ కూర్చుని పిల్లను చూసుకోలేదు, మళ్ళీ, మళ్ళీ నేనే. "సిస్టరమ్మా!" అన్న అరుపుకు వార్డులో పసిపిల్లలు లేచి ఏడుపు అందుకున్నారు. ఫరీన్ కళ్ళు గీతల్లోంచి తెరుచుకున్నాయి. తడి తెలిసినట్టుంది, పెదవి వణికింది. "కావాలని పోయలేదమ్మా. నిద్దర్లో వచ్చేసింది."

వసుంధర సిస్టరు వచ్చింది, చూసింది, కళ్ళద్దాలు ముక్కు మీదికి తోసుకుంది. జమ్రూద్ మొహం చూసి, "యాల ఏడుస్తాండావు? ఇదేమన్నా ఇసుకలో పోసిందా ఇంకిపోయేదానికి?" అంది. పిల్ల కింది దుప్పటిని, గౌనుతో సహా, ఒక్క చుక్క కారకుండా పొట్లం చుట్టినట్టు చుట్టి తీసుకుంది. బీరువాలోంచి అలాంటి దుప్పటే పొడిది ఒకటి, సంచిలోంచి ఫరీన్‌దే ఇంకో గౌను పొడిది ఒకటి తీసింది. పుట్టిన పిల్లల్ని తూచే తక్కెడ మీద మొదట తడివి పెట్టింది, అంకెలు ఎగిరి ఎగిరి ఆగాయి. తర్వాత పొడివి పెట్టింది. లక్ష్మీదేవమ్మ మెడ చాచి, "ఓ యమ్మా, దుప్పటికి కూడా కాన్పు చేస్తాండావా" అంది. సిస్టరు చేతి మీద పెన్నుతో రెండు అంకెలు వేసి ఒకదాంట్లోంచి ఒకటి తీసేసింది. గ్రాముకు ఒక మిల్లీ. నూట ముప్పై. ఆ చేతినే తీసుకుపోయి డాక్టరమ్మకు చూపించింది. డాక్టరమ్మ చెయ్యి చూసింది, గడియారం చూసింది, పిల్ల పాదం పట్టుకుంది. ఇంకా రెండు మూడు రోజులు కళ్ళలో ఒత్తులేసుకుని చూసుకోవాల, రేపు మళ్ళీ రక్తం తీస్తాం, ఇది మొదలు మాత్రమే, కానీ తూము పారింది, బండి వద్దని చెప్పండి అంది.

జమ్రూద్ ఫోను ఎప్పుడు తీసిందో తెలియదు. అవతల మసూద్ ఎత్తి, "ఏమయింది, ఏమయింది" అంటున్నాడు. పొడి గౌనులో ఫరీన్ ఒక చేత్తో అమ్మ కొంగు లాగుతోంది, చెప్పొద్దమ్మా, నాయనకి చెప్పొద్దు, పెద్దపిల్లనయినా కదా, అందరూ నవ్వుతారు.

"పక్క తడిపింది!" అని అరిచింది జమ్రూద్, కింద బండ్ల దగ్గర ఉన్నవాళ్ళకు కూడా వినిపించేటట్టు. "మసూద్, నీ కూతురు పక్క తడిపేసింది!"